గొంతు దాటి ఊపిరితిత్తుల లోపలికి - ఒక గొట్టము కథ

మన అధ్యక్ష మండలపు శతవార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, మిషనాసుపత్రుల చరిత్ర వ్రాయవలెనని మొదట తలచాము. కాని ఆ పనికి మాకంటె తగిన పెద్దలు మన మధ్య ఉన్నారు. తొలి దొరలు వేసిన గుడారములు, తొలి బాప్తిస్మములు, ప్రసూతి వార్డుకు వేసిన పునాదిరాయి, వీటిని గురించి ఈ సంచికలోనే ఇతరులు వ్రాస్తున్నారు. అందుచేత మేము ఒక పనిముట్టు చరిత్ర వ్రాయ సాహసిస్తున్నాము. దాని పేరు బ్రాంకోస్కోపు. గొంతుగుండా శ్వాసనాళములోనికి దించి, ఊపిరితిత్తుల లోపలి దారులను కంటితో చూచే గొట్టము అది. ఊపిరితిత్తుల కాన్సరును నిర్ధారణ చేయుటలో దానికున్న స్థానము మిక్కిలి పెద్దది. శతవార్షిక సంచికలో కాన్సరు మాట ఎందుకని కొందరు అనుకోవచ్చును. మాకు ఒక బాకీ ఉన్నది, అందుకు.

మా సంఘములో ఇరవై రెండేండ్లు గాయకబృందమును నడిపిన మాష్టరుగారు ఒకరుండేవారు. మిషన్ బడిలో ఉపాధ్యాయులు. హార్మోనియం ముందర కూర్చుంటే ఆయన గొంతు గుడి వెనుక వేపచెట్టు దాకా వినబడేది. 1990 డిసెంబరులో, ఇంటింటికి తిరిగి క్రిస్మసు పాటలు పాడే రాత్రులలో, ఆయన గొంతు బొంగురుపోయింది. మంచులో తిరిగినందువలన అనుకొన్నాము. మిరియాల పాలు తాగారు, కరక్కాయ బుగ్గన పెట్టుకొన్నారు. జనవరి పోయి ఫిబ్రవరి వచ్చినా గొంతు రాలేదు, పైగా దగ్గు పట్టుకొంది. ఎక్స్‌రే తీయగా ఎడమ ఊపిరితిత్తిలో నీడ కనబడింది. కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు కనబడలేదు. అయినను మన దేశములో ఊపిరితిత్తిలో నీడ అంటే ముందుగా క్షయ అనే అనుకొంటారు. డాక్టరుగారు క్షయకు మాత్రలు వ్రాసి ఇచ్చారు. మాష్టరుగారు నిష్ఠగా మ్రింగారు. మిగిలిన సంగతి తరువాత చెబుతాము. ముందు గొట్టము సంగతి.

గొంతు లోపల ఏమున్నదో బ్రతికియున్న మనిషిలో మొదట చక్కగా చూచి లోకమునకు చెప్పినది డాక్టరు కాదు, ఒక పాటల మాష్టరు! ఈ సంగతి తెలిసిననాడు మేము చాలాసేపు ఆ పుస్తకము మూసి కూర్చున్నాము. ఆయన పేరు మాన్యుయెల్ గార్షియా, స్పెయిన్ దేశస్థుడు. పాట పాడునప్పుడు గొంతులో ఏమి జరుగుతుందో చూడవలెనని ఆయనకు ఎంతో కాలముగా కోరిక. 1854లో, పారిస్ నగరములో, పండ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దమును కొండనాలుక దగ్గర పెట్టుకొని, చేతి అద్దముతో సూర్యకాంతిని దాని మీదికి మళ్ళించి, తన స్వరతంత్రులు తెరుచుకొనుట, మూసుకొనుట తానే చూచుకొన్నాడు. మరుసటి సంవత్సరము ఆ విషయము లండనులోని రాయల్ సొసైటీకి నివేదించాడు. 1905లో ఆయనకు నూరేండ్లు నిండినప్పుడు దేశదేశముల గొంతు వైద్యులు లండనులో చేరి ఆయనను సన్మానించారు. తన శతవార్షికోత్సవమునకు తానే హాజరైన మనిషి ఆయన. మరుసటి ఏట కన్నుమూశాడు.

అయితే ఆ అద్దము గుమ్మము దాకానే చూపగలదు. గుమ్మము దాటి లోపలికి ఎవరు పోగలరు? గాలిగొట్టములో నీటిచుక్క పడితేనే మనకు పొలమారి ప్రాణము పోయినట్లు అవుతుంది గదా. ఇక ఇనుప గొట్టమును దించుట ఎట్లు? ఇక్కడ మన వీధులలో కత్తి మ్రింగే గారడీవాళ్ళను జ్ఞాపకము చేసికొనవలెను. జర్మనీలోని ఫ్రైబుర్గ్ పట్టణములో 1868లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే వైద్యుడు అటువంటి కత్తి మ్రింగేవాని సహాయముతోనే అన్నవాహికలోనికి తిన్నని గొట్టము దించి చూచాడు. తల వెనుకకు వాల్చితే నోరు, గొంతు, అన్నవాహిక ఒకే వరుసలోనికి వస్తాయని దానివలన తేలింది. కాని లోపలికి తగినంత వెలుతురు పోలేదు. దారి దొరికింది, దీపము లేదు.

తరువాత ముప్పది ఏండ్లలో కావలసినవన్నీ ఒక్కొక్కటిగా సమకూడినవి. 1884లో వియన్నా నగరములో కార్ల్ కోలర్ కొకెయిన్ మందు చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చునని చూపాడు. వెంటనే గొంతు వైద్యులు ఆ మందును గొంతుకు పూయుట మొదలుపెట్టారు. దానితో పొలమారుట, దగ్గు అణగినవి. 1895లో బెర్లిన్‌లో అల్‌ఫ్రెడ్ కిర్‌స్టైన్ అద్దము లేకుండ తిన్నగానే స్వరపేటికను చూచాడు. అదే సంవత్సరము రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొన్నాడు. విద్యుద్దీపము అప్పటికే వచ్చియున్నది.

ఇక 1897. మళ్ళీ అదే ఫ్రైబుర్గ్. అరువది మూడేండ్ల రైతు ఒకడు భోజనము చేస్తుండగా పంది ఎముక ముక్క గాలిగొట్టములోనికి జారింది. దగ్గు, ఆయాసము. గొంతు వైద్యుడైన గుస్టావ్ కిలియన్ దగ్గరకు వచ్చాడు. ఎముక కుడి ఊపిరితిత్తికి పోయే పెద్ద శాఖలో ఇరుక్కొని ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాము. మన గాలిగొట్టము తలక్రిందులుగా నిలిపిన చెట్టు వంటిది. మాను రొమ్ము మధ్యకు దిగి రెండు కొమ్మలుగా చీలుతుంది. కుడి కొమ్మ కాస్త వెడల్పు, కాస్త తిన్నన. ఎడమ కొమ్మ వంపు తిరిగి పోతుంది, గుండె అటు ప్రక్కన ఉన్నది గనుక. అందుచేతనే మన పిల్లలు వేరుసెనగ గింజలు, చింతగింజలు, సీతాఫలపు గింజలు నోట పెట్టుకొని నవ్వుతూ పరుగెత్తినప్పుడు అవి జారిపడేది ఎక్కువగా కుడి వైపునకే. తల్లులు ఈ మాట గుర్తుంచుకొనవలెను. ఆటలాడే పిల్లకు హఠాత్తుగా దగ్గు వచ్చి, తగ్గి, తరువాత పిల్లికూతలు మిగిలితే అది జలుబని ఊరుకొనరాదు.

కిలియన్ ఆ రైతు గొంతును కొకెయిన్‌తో మొద్దుబార్చి, అన్నవాహికకు వాడే తిన్నని గొట్టమును గాలిగొట్టములోనికి దించి, చిమటావంటి సాధనముతో ఎముకను పట్టి బయటికి తీశాడు. కత్తి పెట్టలేదు, రొమ్ము కోయలేదు. కొమ్మలు గట్టి గొట్టములు కావని, మెల్లగా నడిపితే ప్రక్కకు ఒదిగి దారి ఇస్తాయని ఆయన తెలిసికొన్నాడు. బ్రాంకోస్కోపీకి ఆయనను తండ్రి అంటారు. గాలిగొట్టమంటే భయపడే వైద్యలోకమునకు భయము తీరుటకు ఒక రైతు భోజనపు బల్ల కారణమైనది.

ఆ విద్యను అమెరికాకు తీసికొనిపోయి పెంచినవాడు షెవాలియర్ జాక్సన్. 1865లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఈయనను గురించి ఎంత వ్రాసినా తీరదు. గొట్టము చివరనే చిన్న దీపము అమర్చి, వెలుతురును రోగముండే చోటికే తీసికొనిపోయినవాడు ఆయన. అంతకు ముందు కుస్‌మౌల్‌కు లేనిది అదే. ఆయనకే క్షయ ఉండేది. మంచము పట్టిన రోజులలో కూడ పడుకొని పుస్తకములు వ్రాశాడు. పిల్లలు మ్రింగిన, పీల్చిన వస్తువులు, పిన్నులు, గుండీలు, నాణెములు, మేకులు, బొమ్మల ముక్కలు, తాను తీసిన ప్రతి ఒక్కటి జాగ్రత్తగా దాచాడు. వాటి సంఖ్య 2,374. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగులలో అవి నేటికీ ఉన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క బిడ్డ ఊపిరి. ఇళ్ళలో శుభ్రతకు వాడే క్షారములను పంచదార అనుకొని త్రాగి గొంతు కాలిపోయిన పిల్లలను చూచి చూచి, ఆ సీసాల మీద విషము అని చీటీ ఉండవలెనని ఏండ్ల తరబడి పోరాడాడు. 1927లో అమెరికాలో అందుకు చట్టము వచ్చింది. ఆపరేషను బల్ల దగ్గరే కాదు, శాసనసభ గుమ్మము దగ్గర కూడ డాక్టరుకు పని ఉంటుందని దీనివలన మాకు తోచింది. తొంబది రెండేండ్లు జీవించి 1958లో చనిపోయాడు.

పిల్లికూత వినబడిన ప్రతివానికి ఉబ్బసమే అనుకోరాదని జాక్సన్ తన శిష్యులకు పదే పదే బోధించేవాడు. గొట్టములో గింజ ఉన్నా కూత వస్తుంది, గడ్డ ఉన్నా కూత వస్తుంది. గింజల కోసము లోపలికి చూడబోయినవారికి అక్కడ గడ్డలు కనబడసాగినవి. ఆ విధముగా పిల్లల ప్రాణములు కాపాడుటకు పుట్టిన పనిముట్టు కాన్సరు పరీక్షకు సాధనమైనది.

ఒక వింత సంగతి. మన తాతల నాటికి ఊపిరితిత్తుల కాన్సరు చాల అరుదైన రోగము. 1912లో ఐజక్ ఆడ్లర్ అనే న్యూయార్క్ వైద్యుడు దాని మీద పుస్తకము వ్రాస్తూ, ప్రపంచ వైద్య గ్రంథములన్నీ వెదకినా నాలుగు వందలకు తక్కువ కేసులనే పోగుచేయగలిగాడు. ఇంత అరుదైన రోగము మీద పుస్తకమెందుకని పాఠకులను ముందుగానే మన్నింపు కోరాడట! ఈనాడు లోకములో అన్ని కాన్సర్లలోను ఎక్కువమందిని చంపుతున్నది అదే. నూరేండ్లలో ఇంత మార్పు ఏల వచ్చింది? దానికి జవాబు రెండు మనుష్యుల జీవితములలో ఉన్నది. వారిలో ఒకరు రోగి, ఒకరు వైద్యుడు.

రోగి పేరు జేమ్స్ గిల్‌మోర్. పిట్స్‌బర్గ్‌లో ప్రసూతి వైద్యుడు, వయస్సు నలుబది ఎనిమిది. వైద్యుడు ఈవర్ట్స్ గ్రాహామ్, సెయింట్ లూయిస్ నగరములోని బార్న్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు. 1933లో గిల్‌మోర్ దగ్గు, జ్వరములతో అక్కడికి వచ్చాడు. ఎడమ ఊపిరితిత్తిలో నీడ. బ్రాంకోస్కోపు దించి, లోపల కనబడిన గడ్డనుండి చిన్న ముక్క త్రుంచి, సూక్ష్మదర్శినిలో చూచారు. కాన్సరే. ఆ ముక్క లేకపోతే ఆ తరువాతి సంగతి ఏదీ జరిగేది కాదు, ఎందుకంటే నీడను చూచి ఎవరూ మనిషి రొమ్ము తెరవరు. ఆపరేషనుకు ముందు గిల్‌మోర్ ఇంటికి పోయి వచ్చాడు. ఆ ప్రయాణములో పండ్లు బాగుచేయించుకొన్నాడనీ, సమాధికి స్థలము కూడ కొనుక్కొన్నాడనీ చెబుతారు. ఆశ ఒక చేత, సిద్ధపాటు ఒక చేత పట్టుకొన్న మనిషి అనుకొన్నాము. ఏప్రిలు 5వ తేదీన గ్రాహామ్ రొమ్ము తెరిచి చూడగా గడ్డ పెద్ద కొమ్మ దగ్గరకు వచ్చియున్నది. ఒక భాగము తీస్తే చాలదు. ఎడమ ఊపిరితిత్తి మొత్తము ఒకే విడతలో తీసివేశాడు. కాన్సరుకు ఈ విధముగా చేసి రోగి బ్రతుకుట లోకములో అదే మొదలు.

గిల్‌మోర్ ఆ తరువాత ముప్పది ఏండ్లు జీవించాడు, తిరిగి కాన్పులు చేశాడు. సిగరెట్టు మాత్రము మానలేదు.

గ్రాహామ్ కూడ సిగరెట్టు త్రాగేవాడే. ఈ రోగమునకు పొగ కారణమని స్నేహితుడు ఆల్టన్ ఆక్స్‌నర్ వాదిస్తే, నైలాను మేజోళ్ళ అమ్మకము కూడ ఈ ఏండ్లలోనే పెరిగింది, అదీ కారణమేనా అని ఎగతాళి చేశాడంటారు. అయినను ఎర్నస్ట్ వైండర్ అనే వైద్య విద్యార్థి ఈ సంగతిని లెక్కలతో తేల్చుదామని వస్తే అడ్డుపెట్టలేదు, చేయి కలిపాడు. 684 మంది రోగులను విచారించి ఇద్దరూ 1950లో ప్రకటించిన ఫలితము గ్రాహామ్‌కే విరుద్ధముగా వచ్చింది. అదే సంవత్సరము ఇంగ్లాండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనువారు కూడ అదే తేల్చారు. గ్రాహామ్ ఒప్పుకొన్నాడు, సిగరెట్టు మానాడు. అప్పటికే ఆలస్యమైంది. 1957లో ఆయన ఊపిరితిత్తుల కాన్సరుతోనే చనిపోయాడు. ఆయన బ్రతికించిన గిల్‌మోర్ ఆయన తరువాత ఇంకా ఆరేండ్లున్నాడు. దీనిని ఎట్లు అర్థము చేసికొనవలెనో మాకు తెలియదు. తన మాట తప్పని తానే ఋజువు చేసిన మనిషి మీద మాకు గౌరవము మాత్రము పెరిగింది.

పొగాకు మాట వచ్చింది గనుక ఒక ఇబ్బందికరమైన సంగతి కూడ చెప్పవలెను. గుంటూరు, చీరాల ప్రాంతములలో సీమ పొగాకు వచ్చిన నాటినుండి మన సంఘస్థులు ఎందరో దాని మీదనే బ్రతికారు. బ్యారన్ల దగ్గర రాత్రుళ్ళు మంట చూచినవారు, ఆకు గ్రేడింగు చేసి పిల్లలను చదివించుకొన్న తల్లులు మనవారే. పొగాకు బోర్డు 1976లో గుంటూరులోనే ఏర్పడింది. మా చిన్నతనమున కోత పండుగకు వరికంకులు, గుమ్మడికాయలతోపాటు పొగాకు కట్ట కూడ బలిపీఠము ముందర ఉండేది. దానిని వేలము వేస్తే మంచి ధర పలికేది, ఆ డబ్బు గుడి పైకప్పునకు పోయేది. ఆ పైకప్పు క్రిందనే ఇప్పటికీ ఆరాధన చేస్తున్నాము. ఉత్తర కోస్తాలో నిప్పు నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగే తల్లులకు అంగిలి కాన్సరు వచ్చుట మన డాక్టర్లే లోకమునకు తెలిపారు. మద్యమును గురించి మన ప్రసంగములలో ఎన్ని విన్నామో! పొగను గురించి ఎన్ని విన్నాము? మాష్టరుగారు వస్త్రశాల వెనుక గోడ ప్రక్కన రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు త్రాగేవారు. అందరికీ తెలుసు. అగ్గిపెట్టె అందించినవారు కూడ కొందరు ఉన్నారు.

జాక్సన్ గొట్టము లోహపు గొట్టము. దానితో రోగి బల్ల మీద వెల్లకిల పడుకొని, తల బల్ల అంచు దాటి వ్రేలాడుతుంటే, ఆ తలను పట్టుకొనుటకే ఒక మనిషి ఉండవలసివచ్చేది. తిన్నని గొట్టము వంపులు తిరుగలేదు గనుక పెద్ద కొమ్మల వరకే చూపు, చిన్న రెమ్మలు కనబడవు. ఈ అడ్డు తీరినది వెలుతురును వంచుటవలన. పంజాబులో మోగా పట్టణములో పుట్టిన నరీందర్ సింగ్ కపానీకి వెలుతురు తిన్నగానే పోతుందని చిన్ననాట బడిలో చెప్పారట. ఆ మాట ఆయన ఒప్పుకోలేదు. లండనులో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, వెంట్రుకలవంటి గాజుపోగుల కట్టగుండా బొమ్మను ఒక చివరినుండి రెండవ చివరికి పంపవచ్చునని 1954లో ప్రకటించాడు. మూడేండ్లకు అమెరికాలో బేసిల్ హిర్షోవిట్జ్ దానితో వంగే పొట్టగొట్టము చేశాడు.

ఊపిరితిత్తులకు దానిని తెచ్చినది జపానువాడైన షిగెటొ ఇకెడా. టోకియోలోని జాతీయ కాన్సరు కేంద్రములో పనిచేసేవాడు. పడుచుతనములో ఆయన కూడ ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడినవాడే. జాక్సన్‌కు క్షయ, ఈయనకూ రొమ్ము జబ్బు. గాయపడిన చోటనే మనిషికి కళ్ళు తెరుచుకొంటాయేమో. వేలకొలది గాజుపోగులతో, పెన్సిలు కంటె సన్నగా, ముక్కులోనుండి కూడ దించదగిన బ్రాంకోస్కోపును చేయించి, 1966లో కోపెన్‌హేగెన్‌లో జరిగిన మహాసభలో చూపాడు. దాని కొనను చేతిలోని మీటతో పైకి, క్రిందికి వంచవచ్చును. రోగి మేలుకొనియే ఉండవచ్చును. పదేండ్లలో లోకమంతటా ఇనుప గొట్టము మూలకు చేరి ఇది నిలిచింది. అయితే ఇనుప గొట్టము చావలేదు. గొట్టములో గింజ ఇరుక్కొన్న బిడ్డకు, నెత్తురు ఆగని రోగికి, ఇప్పటికీ దానినే తీస్తారు.

మన వైపు ఈ విద్య ఎట్లు వచ్చిందన్నది చెప్పుకొనవలెను. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో పలు మిషనులు ఏకమై క్షయరోగులకు ఆసుపత్రి స్థాపించి 1915లో తెరచినవి. దానికి మొదటి అధిపతి డెన్మార్కు దేశపు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్. మందులేని ఆ కాలములో ఎండ, గాలి, పాలు, విశ్రాంతి, ప్రార్థన, ఇవే చికిత్స. తెలుగుదేశములో రొమ్ము జబ్బుల వైద్యమునకు అది పాఠశాలవంటిది. మనకు చేరువలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో రీవ్ బెట్స్ అనే అమెరికా వైద్యుడు రొమ్ము శస్త్రచికిత్సకు ప్రత్యేక శాఖను తెరచాడు. మన దేశములో అటువంటి శాఖ అదే మొదటిది. మన సంఘముల చందాలు, మన పిల్లల చదువులు, మన రోగుల రైలు టిక్కెట్లు వేలూరుతో ఎంతగా పెనవేసికొన్నవో పెద్దలకు తెలుసు.

ఇక మాష్టరుగారి దగ్గరకు తిరిగి వస్తున్నాము.

క్షయ మాత్రలు అయిదు నెలలు మ్రింగినా బరువు తగ్గుతూనే ఉన్నది. 1991 జూలైలో పట్నములోని ఒక పెద్ద ఆసుపత్రిలో చూపగా, గొట్టము వేసి చూడవలెను, ముక్క తీయవలెను అన్నారు. మాష్టరుగారు ఇంటికి వచ్చి మమ్మును పిలిపించి, "తమ్ముడూ, నీవేమంటావు?" అని అడిగారు. మేము అన్న మాట ఇది: "మాష్టారూ, పుండును కెలికితే పాకుతుందని అంటారు. తొందరపడకండి." మాకు వైద్యము తెలియదు. ఎక్కడో విన్నాము, అన్నాము. ఆయన ఆగిపోయారు. రెండు నెలలు ఆగారు. ఆ బాకీ ఇదే.

ముక్క తీసినందువలన కాన్సరు ఒళ్ళంతా పాకుతుందనుటకు ఆధారము లేదు. పాకేది ఆలస్యమువలన. ఈ సంగతి మాకు తరువాత తెలిసింది. ఇప్పటికీ మన ఇళ్ళలో, మన సంఘములలో, మేము అన్న మాటనే అనేవారు ఉన్నారు. వారిని తప్పుపట్టుటకు మాకు అర్హత లేదు.

సెప్టెంబరు చివర ఆయన సరే అన్నారు, మేము వెంట పోయాము. ప్రొద్దుట ఏమీ తినలేదు. గొంతు మొద్దుబారుటకు చేదు మందు పుక్కిలింపజేసి, ముక్కులో జెల్లీవంటి మందు పెట్టి లోపలికి తీసికొనిపోయారు. మేము బయట బల్ల మీద కూర్చున్నాము. అరగంట కూడ పట్టలేదు. బయటికి వచ్చి మొదట కాఫీ అడిగారు. గొంతుకు తిమ్మిరి పోయేదాకా నీళ్ళు కూడ ఇవ్వరాదని నర్సమ్మ అన్నది, లేకపోతే గాలిగొట్టములోనికి పోతుందట. రెండు గంటలు కాఫీ కోసము కూర్చున్నారు. "దీనికా నేను ఇన్నాళ్ళు భయపడినది?" అని బొంగురు గొంతుతో అన్నారు. మేము మాట్లాడలేదు.

డాక్టరుగారు కాగితము మీద బొమ్మ గీసి చూపారు. ఎడమ స్వరతంత్రి కదలడము లేదు. ఎడమ ఊపిరితిత్తి ప్రక్కగా గుండె దగ్గరకు దిగి తిరిగి గొంతుకు ఎక్కిపోయే నరము ఒకటి ఉన్నదట, గడ్డ దానిని పట్టినది. అందుకే గొంతు బొంగురు. మంచు కాదు, పాటలు కాదు. గార్షియా అద్దము ఒకటి ఎవరైనా ఆ జనవరిలోనే ఆయన గొంతులో పెట్టియుంటే తంత్రి కదలని సంగతి ఆనాడే తెలిసేది. ముక్క పరీక్షలో స్క్వేమస్ రకపు కాన్సరు అని వచ్చింది. ఆపరేషనుకు వీలు లేదన్నారు. కరెంటు పెట్టించారు. కొంత ఆయాసము తగ్గింది. 1992లో లెంటు దినములలో ప్రభువునందు నిద్రించారు.

ఆ రెండు నెలలు ఆగకపోతే బ్రతికేవారా అని డాక్టరుగారిని తరువాత ఒకసారి అడిగాము. గొంతు పోయిననాటికే నరము చిక్కుకొన్నది గనుక, అప్పటికే ఆపరేషను దాటిపోయి ఉంటుందని ఆయన అన్నారు. అది మాకు ఊరట కలిగించవలెనని అన్న మాటయో, నిజముగా అంతేనో మేము మళ్ళీ అడగలేదు. క్షయ అని మందులిచ్చిన డాక్టరుగారిని కూడ మేము నిందించము. వేయిమందిలో నీడ కనబడితే ఆ కాలమున ఎక్కువమందికి అది క్షయయే. కాని కళ్ళెలో క్రిమి లేక, మందుకు లొంగక, పొగ త్రాగే మనిషికి నీడ నిలిచియుంటే, అయిదు నెలలు ఆగవలసినది కాదు.

తరువాత వచ్చిన మార్పులు త్వరగా చెప్పి ముగిస్తాము. 1978లో అమెరికాలోని కో పెన్ వాంగ్ గొట్టము గోడగుండా సూది గ్రుచ్చి, బయటనున్న గడ్డలనుండి కూడ కణములు తీయవచ్చునని చూపాడు. 1987లో గాజుపోగుల స్థానములో కొనకు చిన్న కెమెరా వచ్చింది. అంతవరకు డాక్టరు ఒక్కడే ఒక కన్ను మూసుకొని చూచేది గదిలోని అందరూ టీవీలో చూడసాగారు. ఈ శతాబ్ది మొదటి ఏండ్లలో గొట్టము కొనకు ధ్వనితరంగముల సాధనము అమర్చారు. గర్భిణీలకు తీసే స్కానింగువంటిదే, లోపలినుండి తీస్తారు. గోడ వెనుక ఉన్న గ్రంథిని చూస్తూ సూది వేయవచ్చును. తీసిన ముక్కలో కాన్సరు ఉన్నదా లేదా అని మాత్రమే కాదు, ఏ జన్యువు మారినదో కూడ చూస్తున్నారు. 2004లో కనుగొన్న ఒక మార్పు ఉన్నవారికి ఇంటి దగ్గరే మ్రింగదగిన మాత్రలు పనిచేస్తున్నవి. పొగ ఎన్నడూ త్రాగని స్త్రీలలో అది ఎక్కువగా కనబడుతున్నది. గొట్టమునకు అందని మూలలు ఇంకా ఉన్నవి. అంచున ఉన్న చిన్న గడ్డకు బయటనుండి సూది వేయవలసి వస్తుంది. ముక్కలో ఏమీ లేదని వచ్చినా అనుమానము తీరకపోతే మళ్ళీ చూడవలసినదే. అరుదుగా నెత్తురు పడుట, ఊపిరితిత్తి చుట్టు గాలి చేరుట కూడ కలదు. ఇవి దాచవలసినవి కావు.

2018 చివరిలో మా స్త్రీల మైత్రిలో ఒక సోదరికి మూడు నెలలుగా దగ్గు. సిగరెట్టు వాసన కూడ గిట్టని మనిషి, కాని ముప్పది ఏండ్లు కట్టెల పొయ్యి ముందర కూర్చున్నది. స్కానింగులో ఊపిరితిత్తుల నడుమ గ్రంథులు ఉబ్బియున్నవి. కళ్ళెలో ఏమీ లేదు. ఇంటిలో వారు ఆ మాట పైకి అనలేక గుసగుసలాడుకొంటున్నారు. ఆరాధన అయిన తరువాత ఆమె మా దగ్గరకు వచ్చి, "బాబాయిగారూ, గొట్టము వేయించుకోమంటారా? ముట్టుకుంటే పాకుతుందని మా అత్తగారు అంటున్నారు" అన్నది. ఇరవై ఏడేండ్లకు అదే మాట మా చెవిని పడింది. వెంటనే పొమ్మన్నాము. అంతటితో ఊరుకొనక వెంట పోయి ఆ బల్ల మీద మళ్ళీ కూర్చున్నాము, ఊరు వేరు, ఆసుపత్రి వేరు.

ధ్వనితరంగములతో చూచి గ్రంథులలోనుండి సూదితో తీశారు. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. కాన్సరు కాదు, క్షయ. ఆమె భర్త రిపోర్టును మూడుసార్లు చదివించుకొన్నాడు. ఆరు నెలల మాత్రలు 2019 వేసవి దాటేసరికి పూర్తయినవి. మందుల చీటీ చూడమని ఆమె ఇచ్చినప్పుడు మేము కళ్ళద్దములు పెట్టుకొని పేర్లు చదివాము. 1991లో మాష్టరుగారికి వ్రాసిన పేర్లే.